పెద్ద ప్రెస్‌పై మెత్తబడుతున్న మాత్రలు: సెల్యులోజ్ గ్రేడు మార్చాలా, కలిపే తీరు మార్చాలా?

కొత్త_ఫార్ములేటర్ (ప్రశ్న)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మాత్రల తయారీలో నాది మూడేళ్ల అనుభవం. తడి గ్రాన్యులేషన్ (పొడిని తడిపి గుళికలుగా చేయడం) జోలికి పోకుండా పొడి మిశ్రమాన్ని నేరుగా నొక్కే డైరెక్ట్ కంప్రెషన్ పద్ధతిలో ఒక మాత్రను రూపొందిస్తున్నాను. చిన్న ప్రెస్‌పై చక్కగా వచ్చిన ఆ మాత్ర పెద్ద ప్రెస్‌పైకి వెళ్లేసరికి మెత్తబడిపోతోంది. రెండు వారాలుగా దీని వెంటే ఉన్నా కారణం చేతికి చిక్కడం లేదు కాబట్టి, వివరాలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

మాత్ర బరువు 200 మిల్లీగ్రాములు. అందులో మందు 50, 102 గ్రేడు మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ 100, స్ప్రే డ్రై చేసిన లాక్టోజ్ 40, మాత్రను నీటిలో విడగొట్టే క్రాస్‌కార్మెలోజ్ సోడియం 6, పొడి బాగా పారడానికి కొల్లాయిడల్ సిలికా 1, మాత్ర అచ్చుకు అంటకుండా జారేలా చేసే మెగ్నీషియం స్టియరేట్ 3 మిల్లీగ్రాములు. మందు బలహీన క్షారం. దాని అణువులో ద్వితీయ అమైన్ ఉంది. హైడ్రోక్లోరైడ్ లవణంగా వాడుతున్నాం. మాత్ర గుండ్రంగా, బల్లపరుపు ముఖాలతో, 8 మిల్లీమీటర్ల వ్యాసంతో, దాదాపు 3.2 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది.

10 స్టేషన్ల చిన్న ప్రెస్‌పై 20 ఆర్‌పీఎం వేగంతో, 10 కిలోన్యూటన్ల బలంతో నొక్కినప్పుడు హార్డ్‌నెస్ (మాత్రను విరగ్గొట్టడానికి కావలసిన బలం) 98 న్యూటన్లు వచ్చింది. నీటిలో వేసిన రెండు నిమిషాల్లో మాత్ర విడిపోయింది. అదే ఫార్ములాను 45 స్టేషన్ల ప్రెస్‌పై 60 ఆర్‌పీఎంతో, అంతే బలంతో నొక్కితే హార్డ్‌నెస్ 49 న్యూటన్లకు, అంటే సరిగ్గా సగానికి, పడిపోయింది. ఫ్రయబిలిటీ (మాత్రలను దొర్లించినప్పుడు రాలిపోయే బరువు) 1.3 శాతం వచ్చింది. మాత్ర అంచును బొటనవేలితో రుద్దితే వేలికి పొడి అంటుతోంది. బలాన్ని 16 కిలోన్యూటన్లకు పెంచితే హార్డ్‌నెస్ కొంచెం పెరిగింది కానీ, కొన్ని మాత్రల పైభాగం టోపీలా ఊడి వచ్చింది.

చిన్న బ్యాచ్‌లో స్టియరేట్ వేశాక నిమిషానికి 12 చుట్ల చొప్పున 5 నిమిషాలు కలిపాం. పెద్ద బ్యాచ్‌లో నిమిషానికి 10 చుట్ల చొప్పున 15 నిమిషాలు కలిపాం. బ్లెండర్ పెద్దది, పొడి ఎక్కువ, కాబట్టి ఎక్కువసేపు కలపాలని అనుకున్నాం.

మా విభాగంలో ఒకరు మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పాలు పెంచమంటున్నారు, మరొకరు 200 గ్రేడుకు మారమంటున్నారు, ఇంకొకరు హైప్రోమెలోజ్ కె4ఎం 5 శాతం బైండర్‌గా (అతికించే పదార్థంగా) చేర్చమంటున్నారు. మూడింటిలో ఏది ముందు చేసి చూడాలో తేల్చుకోలేకపోతున్నాను. ఇంకో సందేహం కూడా ఉంది. చిన్న ప్రెస్‌పై వచ్చిన మంచి మాత్రలనే మూతలేని గిన్నెలో 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం గాలి తేమ వద్ద నెల రోజులు ఉంచితే, విడిపోవడానికి 7 నిమిషాలు పట్టింది. ఈ రెండు సమస్యలకూ మూలం ఒకటేనా?

మాత్రల_మేస్త్రి

వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి జవాబు చెప్పడం తేలికైంది. ముందుగా హార్డ్‌నెస్‌ను న్యూటన్లలోనే వదిలేయకుండా తన్యతా బలంగా (మాత్ర కొలతలను కూడా లెక్కలోకి తీసుకునే గట్టిదనంగా) మార్చి చూడండి. బల్లపరుపు ముఖాలున్న మాత్రకు విరగ్గొట్టే బలాన్ని రెట్టింపు చేసి, దాన్ని వ్యాసం, మందం, π (పై, 3.14) అనే మూడింటి లబ్ధంతో భాగిస్తే సరిపోతుంది. మీ చిన్న ప్రెస్ మాత్ర సుమారు 2.4 మెగాపాస్కల్, పెద్ద ప్రెస్ మాత్ర 1.2 మెగాపాస్కల్ అవుతుంది. రవాణాను, కోటింగ్ పాన్‌లో దొర్లుడును తట్టుకోవడానికి 1.7 దాటితే మంచిదని మా రంగంలో చాలామంది పాటించే కొలమానం. మీరు దానికి పైనుంచి కిందికి జారారు, కాబట్టి ఫ్రయబిలిటీ 1 శాతం హద్దు దాటడంలో వింత లేదు.

ఫార్ములాలో ఒక్క మిల్లీగ్రాము కూడా మార్చకముందే చేయవలసిన ప్రయోగం ఒకటుంది. పెద్ద బ్లెండర్‌లో తయారైన మిశ్రమాన్నే రెండు కిలోలు తీసుకెళ్లి చిన్న ప్రెస్‌పై, అదే 20 ఆర్‌పీఎం, అదే 10 కిలోన్యూటన్ల దగ్గర నొక్కండి. మాత్రలు గట్టిగా వస్తే దోషం పెద్ద ప్రెస్ వేగానిది. అక్కడ కూడా మెత్తగానే వస్తే దోషం ప్రెస్‌ది కాదు, మిశ్రమం బ్లెండర్‌లోంచి బయటికి వచ్చేటప్పటికే పాడైంది. ఒక పూట పని ఇది. దీన్ని చేయకుండా గ్రేడు మారుస్తూ పోతే, ప్రతి మార్పూ కొంత ఫలితం చూపిస్తుంది, ఏదీ అసలు కారణం చెప్పదు.

నా అంచనా మాత్రం మిశ్రమం మీదే ఉంది. ఎందుకో చెబుతాను. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ రేణువు ఒత్తిడికి పగలదు, మెత్తని మట్టిలా అణిగి ఆకారం మార్చుకుంటుంది. అలా అణిగినప్పుడు పక్కపక్క రేణువుల ఉపరితలాలు దగ్గరై, వాటి హైడ్రాక్సిల్ సమూహాల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. తక్కువ ఒత్తిడికే గట్టి మాత్ర ఇచ్చే గుణం అక్కడి నుంచి వస్తుంది. అయితే రేణువు పగలదు కాబట్టి దాని ఉపరితలం మీద ముందే ఏదైనా పొర పరుచుకొని ఉంటే ఆ పొర అలాగే మధ్యలో మిగిలిపోతుంది. మెగ్నీషియం స్టియరేట్ అలాంటి పొరే. డైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి పెళుసు పదార్థమైతే ఒత్తిడికి పగిలి, స్టియరేట్ అంటని కొత్త ముఖాలను బయటపెడుతుంది కాబట్టి ఎక్కువసేపు కలిపినా పెద్దగా నష్టపోదు. మీ మాత్రలో సగం సెల్యులోజ్. దాన్ని ఆదుకునే పెళుసు పదార్థం తక్కువ.

ఇప్పుడు మీ అంకెలు చూడండి. చిన్న బ్యాచ్‌లో స్టియరేట్ వేశాక మొత్తం 60 చుట్లు తిరిగింది, పెద్ద బ్యాచ్‌లో 150 చుట్లు. పైగా పెద్ద బ్లెండర్‌లో ప్రతి చుట్టుకూ పొడి ఎక్కువ ఎత్తు నుంచి జారి, తన బరువు కిందే తాను ఒరుసుకుంటుంది కాబట్టి, అక్కడి ఒక చుట్టు చిన్న బ్లెండర్‌లోని ఒక చుట్టుతో సమానం కాదు. స్టియరేట్‌ను పొడి అంతటా చేర్చడం వరకే మన పని. దాన్ని ప్రతి రేణువుకూ పూయడం కాదు. 1.5 శాతం స్టియరేట్ కూడా నాకు ఎక్కువగానే కనిపిస్తోంది. చాలా డైరెక్ట్ కంప్రెషన్ మాత్రలు 0.5 నుంచి 1 శాతంతో నడుస్తాయి.

బ్లెండర్ తర్వాత కూడా కలపడం ఆగదన్న విషయం చాలామంది మరచిపోతారు. పెద్ద ప్రెస్‌లో డైలోకి (మాత్ర అచ్చులోకి) పొడిని తోసే ఫోర్స్ ఫీడర్ తెడ్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి మా ప్రెస్ ఆగిపోయి, టరెట్ (అచ్చులు అమర్చిన తిరిగే చక్రం) నిలిచినా ఫీడర్ తెడ్లు మాత్రం దాదాపు పది నిమిషాలు తిరుగుతూ ఉండిపోయాయి. తిరిగి మొదలుపెట్టాక వచ్చిన మొదటి మాత్రలను వేళ్ల మధ్య విరిచితే చిటుక్కుమన్న శబ్దం లేకుండా, తడి సుద్దముక్కలా విరిగాయి. ఫీడర్‌లో మిగిలి ఉన్న పొడిని చిటికెడు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపితే సబ్బు పొడిలా జారింది. హాపర్‌లోని పొడి మాత్రం గరగరగా మామూలుగానే ఉంది. ఒకే బ్లెండ్, ఒకే సెల్యులోజ్. తేడా అంతా తెడ్లు తిరిగిన ఆ పది నిమిషాలదే.

వేగానికీ తన వంతు ఉంది. సెల్యులోజ్ అణిగి కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. మీ పెద్ద ప్రెస్ మూడు రెట్ల ఆర్‌పీఎంతో తిరగడమే కాక, టరెట్ వ్యాసం కూడా పెద్దది కాబట్టి, పంచ్ (అచ్చులో పొడిని నొక్కే కడ్డీ) రోలర్ కింద గడిపే కాలం మూడో వంతు కంటే కూడా తగ్గి ఉంటుంది. 16 కిలోన్యూటన్ల దగ్గర టోపీలు ఊడటానికి కారణం, అంత త్వరగా నొక్కినప్పుడు గాలి బయటికి పోయే వ్యవధి లేకపోవడం, ఒత్తిడి వదలగానే మాత్ర స్ప్రింగులా కొంత వెనక్కి ఉబకడం, స్టియరేట్ పొర వల్ల బంధాలు ఆ ఉబుకును పట్టి ఉంచలేకపోవడం. దీనికి బలం పెంచడం మందు కాదు. ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుడుకు ముందు తేలిగ్గా ఒకసారి నొక్కడం) పెట్టి, వేగం తగ్గించి చూడండి.

పొడి_పరీక్ష

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. నేను ముడిపదార్థాల నాణ్యత విభాగంలో పనిచేస్తాను కాబట్టి గ్రేడుల గురించి కొంత చేరుస్తాను. ఒక చోట మాత్రం జాగ్రత్త చెప్పవలసి ఉంది.

మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్‌ను 1955లో అమెరికన్ విస్కోస్ సంస్థలో ఓర్లాండో బటిస్టా బృందం కనుగొన్నప్పటి నుంచి మూలసూత్రం మారలేదు. శుద్ధిచేసిన గుజ్జును పలుచని ఖనిజ ఆమ్లంతో ఉడికిస్తే సెల్యులోజ్ గొలుసుల్లో అస్తవ్యస్తంగా ఉన్న భాగాలు తెగిపోయి, స్ఫటిక భాగాలు మిగులుతాయి. గొలుసు పొడవు 350 గ్లూకోజ్ యూనిట్లకు లోపలికి వస్తుంది. ఆ తర్వాత దాన్ని ఆరబెట్టే తీరే గ్రేడును నిర్ణయిస్తుంది. 101 గ్రేడు సగటు రేణువు 50 మైక్రాన్ల దగ్గర, 102 గ్రేడు 100 మైక్రాన్ల దగ్గర, 200 గ్రేడు 180 మైక్రాన్ల దగ్గర, 105 గ్రేడు 20 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. రసాయనికంగా ఇవన్నీ ఒకటే. కాబట్టి గ్రేడు మార్చడమంటే పదార్థాన్ని మార్చడం కాదు, రేణువు పరిమాణాన్ని, పొడి పారే తీరును, అందులోని తేమను మార్చడం.

ఇందువల్లనే 200 గ్రేడుకు మారమన్న సలహా మీ విషయంలో ఎదురు తిరుగుతుంది. ఆ గ్రేడు ఎక్కువ వేగంలో డైలను సమంగా నింపడానికి, మాత్రల బరువు తేడాలు తగ్గించడానికి మంచిదే. మీరు బరువు తేడాల గురించి ఫిర్యాదు చేయలేదు. పెద్ద రేణువులకు గ్రాముకు ఉండే ఉపరితలం తక్కువ, కాబట్టి అదే మోతాదు స్టియరేట్ వాటిని ఇంకా త్వరగా కప్పేస్తుంది. అసలు సమస్య అదే అయినప్పుడు 200 గ్రేడు దాన్ని పెంచుతుంది. 105 గ్రేడు గట్టి మాత్ర ఇస్తుంది కానీ పారదు. డైలో సరిగా పడదు. సెల్యులోజ్ పాలు పెంచమన్న సలహా కూడా నాకు నచ్చలేదు. ఇప్పటికే 50 శాతం ఉంది. స్టియరేట్ పూత పడిన సెల్యులోజ్‌ను మరింత చేర్చినంత మాత్రాన అది అతుక్కోదు.

వాడే సెల్యులోజ్ లాట్ (సరఫరా విడత) తేమ ఎంతో మాత్రం తప్పక చూడండి. 101, 102 గ్రేడుల్లో మామూలుగా 3 నుంచి 5 శాతం తేమ ఉంటుంది. ఆ నీరు సెల్యులోజ్ గొలుసుల మధ్య చేరి, రేణువు సులభంగా అణగడానికి తోడ్పడుతుంది. తేమకు ఓర్వని మందుల కోసం 1.5 శాతం లోపే ఆరబెట్టిన 112 గ్రేడు ఉంది. బాగా ఎండిన లాట్ కొంచెం మెత్తని మాత్ర ఇచ్చినా, తేమ మితిమీరిన లాట్ నిల్వలో మెత్తబడినా ఆశ్చర్యపోవద్దు. ఫార్మకోపియా (మందుల అధికారిక ప్రమాణ గ్రంథం) 7 శాతం వరకు ఒప్పుకుంటుంది కాబట్టి, సర్టిఫికెట్‌లో పాస్ అని ఉన్నంత మాత్రాన రెండు లాట్లు ఒకేలా నొక్కబడతాయని అనుకోరాదు. చిన్న బ్యాచ్, పెద్ద బ్యాచ్ ఒకే లాట్‌తో చేశారా? మీ ప్రశ్నలో ఆ వివరం లేదు.

సిలిసిఫైడ్ రకం గురించి ఎవరో ఒకరు తప్పక చెబుతారు. అందులో 98 శాతం మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, 2 శాతం కొల్లాయిడల్ సిలికా కలిపి ఒకే రేణువుగా ఆరబెట్టి ఉంటాయి. మన బ్లెండర్‌లో విడిగా సిలికా చేరిస్తే ఆ ఫలితం రాదు. స్టియరేట్ దెబ్బను అది మెరుగ్గా తట్టుకుంటుంది కూడా. అయినా కలపడం సరిదిద్దాక, అవసరం మిగిలితేనే అటు వెళ్లండి.

నేను జాగ్రత్త చెప్పదలచిన చోటు స్టియరేట్ తగ్గించడం. హార్డ్‌నెస్ మాత్రమే చూస్తూ తగ్గిస్తే మాత్రను డై లోంచి బయటికి నెట్టే ఎజెక్షన్ బలం పెరుగుతుంది. గంట గడిచాక పంచ్ ముఖానికి పొడి అంటడం మొదలవుతుంది. అరగంట ట్రయల్‌లో ఇది కనబడదు. కాబట్టి తగ్గించిన ప్రతిసారీ ఎజెక్షన్ బలాన్ని రాసుకోండి, కనీసం మూడు నాలుగు గంటలు నడిపి పంచ్‌లను విప్పి చూడండి. తగ్గించడం కుదరకపోతే సోడియం స్టియరిల్ ఫ్యూమరేట్ ప్రయత్నించవచ్చు. ఎక్కువసేపు కలిపినా మాత్ర బలాన్ని అది స్టియరేట్ అంతగా దెబ్బతీయదు.

ఇంకొక్క మాట. సమస్య తేలకపోతే తదుపరి సలహా బహుశా రోలర్ కంపాక్షన్ (పొడిని ముందే రోలర్ల మధ్య నొక్కి గ్రాన్యూల్స్ చేయడం) అని వస్తుంది. సెల్యులోజ్ ఒకసారి రోలర్ల మధ్య నలిగాక, తన అణిగే శక్తిలో కొంత అక్కడే ఖర్చు చేసేస్తుంది. రెండోసారి పంచ్ కిందికి వచ్చేసరికి మొదటి బలం ఇవ్వదు. ఆ దారిన వెళ్లవలసి వస్తే సెల్యులోజ్‌లో కొంత భాగాన్ని గ్రాన్యూల్స్ తయారయ్యాక బయట కలపడానికి అట్టిపెట్టుకోండి.

ద్రావణ_శాల

హార్డ్‌నెస్ గురించి పెద్దలు చెప్పారు. హైప్రోమెలోజ్ సలహా గురించి, విడిపోయే సమయం గురించి నేను రాస్తాను.

కె4ఎం వేయవద్దు. హైప్రోమెలోజ్ అన్న ఒక్క పేరు కింద ఒకదానికొకటి పొంతన లేని పనులు చేసే పదార్థాలు ఉన్నాయి. ఫార్మకోపియా వాటికిచ్చే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు మెథాక్సీ శాతాన్ని, చివరి రెండంకెలు హైడ్రాక్సీప్రొపాక్సీ శాతాన్ని ఉజ్జాయింపుగా చెబుతాయి. కె4ఎం 2208 రకం. 2 శాతం ద్రావణంలో 20 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత దాదాపు 4000 మిల్లీపాస్కల్ సెకన్లు. మందును గంటల తరబడి మెల్లగా వదిలే మాట్రిక్స్ మాత్రల్లో 30 శాతం చుట్టూ వాడటానికి అది పుట్టింది. 5 శాతం పొడిగా కలిపితే మీ మాత్ర గట్టిపడేది స్వల్పం. నీరు తగలగానే అక్కడక్కడా జిగురు కట్టి, నీరు లోపలికి పోయే దారులు మూసుకుపోతాయి. అలాంటి మాత్రను నీటిలో వేసి ఐదు నిమిషాల తర్వాత పట్టుకారుతో తీసి బ్లేడుతో కోస్తే, పైన మెరిసే జిగురు పొర, నడుమ తడి తగలని తెల్లని పొడి స్పష్టంగా కనిపిస్తాయి. క్రాస్‌కార్మెలోజ్ ఆ పొడిలోనే ఉన్నా నీరు అందక పనిచేయదు.

బైండర్‌గా వాడే హైప్రోమెలోజ్ వేరు. అది 2910 రకం, 5 లేదా 6 మిల్లీపాస్కల్ సెకన్ల తక్కువ స్నిగ్ధత గలది, తడి గ్రాన్యులేషన్‌లో ద్రావణంగా వాడేది. ఎప్పుడైనా ఆ పని పడితే చల్లని నీటిలో నేరుగా పోయకండి. పైన జిగురు, లోపల పొడి ఉన్న ఉండలు కట్టి, గంటలు తిప్పినా కరగవు. ఇది వేడినీటిలో కరగదు, చల్లారితేనే కరుగుతుంది. కాబట్టి మూడో వంతు నీటిని 80 డిగ్రీలు దాటించి, అందులో పొడిని చెదిరేలా కలిపి, మిగతా నీటిని చల్లగా పోస్తే ఉండలు లేని ద్రావణం వస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. మూతలేని గిన్నెలో ఆలస్యం కావడానికి మూలం వేరు, స్టియరేట్ కాదు. క్రాస్‌కార్మెలోజ్ అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసి కరగకుండా చేసిన పదార్థం. నీటిని పీల్చి, ఉబ్బి, మాత్రను లోపలి నుంచి తోసివేయడం దాని పని. 75 శాతం తేమలో అది నెలంతా కొంచెం కొంచెంగా నీటిని పీలుస్తూ, మాత్ర లోపలే కొంత ఉబ్బిపోతుంది. ఆ తర్వాత గ్లాసులో వేసినప్పుడు అది తోయగల బలం తగ్గి ఉంటుంది. సెల్యులోజ్ కూడా అదే గాలిలో నీరు పట్టి మెత్తబడుతుంది కాబట్టి, ఆ మాత్రల హార్డ్‌నెస్ కూడా కొలిచి ఉంటే పడిపోయినట్లు కనబడేది. అమ్మకానికి వెళ్లే ప్యాక్‌లో మూసి ఉంచిన మాత్రలను కూడా ఇదే పరీక్ష చేశాకే ఫార్ములా మీద తీర్పు చెప్పండి.

మీ మందు బలహీన క్షారం అన్నారు. అది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. క్రాస్‌కార్మెలోజ్ గొలుసుల మీద రుణావేశం గల కార్బాక్సిలేట్ సమూహాలున్నాయి. నీటిలో ధనావేశంతో ఉండే మందు అణువులు వాటిని అంటిపెట్టుకుని ఉండిపోవచ్చు. అప్పుడు డిసొల్యూషన్ (మాత్రలోంచి ద్రావణంలోకి వచ్చే మందు శాతం) ఒక అంకె దగ్గర ఆగిపోతుంది, మందు తక్కువ వేశారేమోనని అనుమానం వస్తుంది. నీటిలోనూ, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ పక్కపక్కనే పరీక్షించండి. ఆమ్లంలో ఆ సమూహాలు ప్రోటాన్ తీసుకుని ఆవేశం కోల్పోతాయి కాబట్టి మందు బయటికి వస్తుంది. అయితే ఆమ్లంలో క్రాస్‌కార్మెలోజ్ ఉబ్బడం కూడా తగ్గుతుంది. అక్కడ విడిపోయే సమయాన్ని విడిగా గమనించండి.

ఆవేశమే లేని ప్రత్యామ్నాయం కావాలంటే తక్కువ ప్రతిక్షేపణ గల హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ ఉంది. ఇందులో హైడ్రాక్సీప్రొపాక్సీ 5 నుంచి 16 శాతం మాత్రమే. నీటిలో కరగదు, ఉబ్బుతుంది, కొంత బైండర్‌గా కూడా తోడ్పడుతుంది. కొనేటప్పుడు పేరు పూర్తిగా చదవండి. ముందున్న మాటలు వదిలేసి కేవలం హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ తెప్పిస్తే, ఆ శాతం 53 దాటిన, నీటిలో కరిగే బైండర్ చేతికొస్తుంది. మాత్రను విడగొట్టవలసిన చోట అతికించే పదార్థాన్ని వేసినట్లవుతుంది.

ద్వితీయ అమైన్ వల్ల ఇంకో రెండు విషయాలు. లాక్టోజ్ క్షయకరణ చక్కెర; అమైన్లతో మెయిలార్డ్ చర్య జరిపి మాత్రను గోధుమ రంగుకు తిప్పగలదు. ద్వితీయ అమైనే అయిన ఫ్లూఓక్సెటీన్ హైడ్రోక్లోరైడ్ లాక్టోజ్‌తో ఇలాగే చర్య జరుపుతుందని 1998లోనే ప్రచురితమైంది. ఇక 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో నైట్రోసమైన్ (ద్వితీయ అమైన్, నైట్రైట్ కలిస్తే ఏర్పడగల, క్యాన్సర్ ముప్పున్న మలినం) బయటపడినప్పటి నుంచి సహాయక పదార్థాల్లోని నైట్రైట్ ఆనవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తోంది. సగం బరువు ఒకే పదార్థానిదైన మీ మాత్రలో ఆ పదార్థం లాట్లలో నైట్రైట్ ఎంత ఉందో సరఫరాదారుని ఇప్పుడే అడగడం మేలు. నియంత్రణ సంస్థ అడిగేదాకా ఆగితే అప్పటికి స్టెబిలిటీ బ్యాచ్‌లు మొదలై ఉంటాయి.

కొత్త_ఫార్ములేటర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే చేసి, ఫలితాలతో తిరిగి వచ్చాను.

పెద్ద బ్లెండర్ మిశ్రమాన్ని చిన్న ప్రెస్‌పై 20 ఆర్‌పీఎం, 10 కిలోన్యూటన్ల వద్ద నొక్కితే 62 న్యూటన్లు వచ్చింది. అంటే పోయిన 49 న్యూటన్లలో 36 బ్లెండర్‌లోనే పోయాయి, మిగిలిన 13 మాత్రమే పెద్ద ప్రెస్‌వి. పొడి_పరీక్ష గారు అడిగిన లాట్ విషయం: రెండు బ్యాచ్‌లూ ఒకే లాట్, తేమ 4.1 శాతం. ఫీడర్‌లోని పొడిని వేళ్లతో నలిపి చూశాను. ఆ జారుడు నాకూ తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పొడిని చేత్తో తాకి చూడాలనే తోచలేదు.

స్టియరేట్‌ను 1 శాతానికి తగ్గించి, మిగిలిన 1 మిల్లీగ్రామును సెల్యులోజ్‌కు చేర్చి, చివరి కలపడాన్ని 60 చుట్లకు పరిమితం చేశాం. ఫీడర్ తెడ్ల వేగం తగ్గించి, 3 కిలోన్యూటన్ల ప్రీకంప్రెషన్ పెట్టి, 50 ఆర్‌పీఎంతో నడిపాం. 84 న్యూటన్లు, ఫ్రయబిలిటీ 0.3 శాతం వచ్చాయి. నాలుగు గంటలు నడిపాక పంచ్‌లు విప్పి చూస్తే ముఖాలు శుభ్రంగా ఉన్నాయి. ఎజెక్షన్ బలం కొంచెం పెరిగింది కానీ స్థిరంగా నిలిచింది.

మూసిన సీసాలో అదే వేడిలో, అదే తేమలో నెల ఉంచిన మాత్రలు రెండున్నర నిమిషాల్లో విడిపోయాయి. డిసొల్యూషన్ విషయంలో ద్రావణ_శాల గారి అనుమానం నిజమయ్యేలా ఉంది: 45 నిమిషాలకు నీటిలో 93 శాతం దగ్గర ఆగిపోయింది, ఆమ్లంలో 100 శాతానికి చేరింది. ఇది మందు క్రాస్‌కార్మెలోజ్‌ను అంటుకోవడమేనని ఎలా నిర్ధారించుకోవాలి? లాక్టోజ్ స్థానంలో మానిటాల్ పెట్టాలనుకుంటున్నాం. అందులో చూసుకోవలసినది ఏమైనా ఉందా?

ద్రావణ_శాల

అదే నీటికి సోడియం క్లోరైడ్ చేర్చి మళ్లీ పరీక్షించండి. ఆవేశాల వల్ల అంటుకున్న మందైతే సోడియం అయాన్లు దాని స్థానాన్ని ఆక్రమించి దాన్ని విడిపిస్తాయి, అంకె పైకి వస్తుంది. అంకె కదలకపోతే కారణం వేరే చోట వెతకాలి. మరో నిర్ధారణ కూడా సులువే: తెలిసిన గాఢతగల మందు ద్రావణంలో మాత్రలో ఉన్నంత పాళ్లలోనే క్రాస్‌కార్మెలోజ్ ఒక్కటే వేసి, కలిపి, వడపోసి, ద్రావణంలో ఎంత మిగిలిందో కొలవండి. అస్సే పరీక్షలో (మాత్రలో మొత్తం మందు ఎంతుందో కొలిచేటప్పుడు) మందును బయటికి తీసే ద్రావకానికి కూడా ఇదే చిక్కు వర్తిస్తుంది కాబట్టి ఆ పద్ధతిని ఇప్పుడే సరిచూసుకోండి. నిర్ధారణ అయితే 3 శాతం క్రాస్‌కార్మెలోజ్ బదులు 5 శాతం తక్కువ ప్రతిక్షేపణ హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌తో ఒక ట్రయల్ చేయండి.

మాత్రల_మేస్త్రి

ఫలితాలు చూసి చాలా సంతోషమైంది. మానిటాల్ క్షయకరణ చక్కెర కాదు కాబట్టి అమైన్ విషయంలో మంచి ఎంపికే. అయితే అది డై గోడకు లాక్టోజ్ కంటే ఎక్కువగా పట్టుకుంటుంది, స్టియరేట్ కొంచెం ఎక్కువ అడుగుతుంది. ఇప్పుడు నిలిచిన 1 శాతం అప్పుడు చాలకపోవచ్చు. స్ప్రే డ్రై చేసిన మానిటాల్ తీసుకుని, స్టియరేట్ వేశాక 30, 60, 120 చుట్ల దగ్గర బ్లెండర్ ఆపి, ప్రతిసారీ నమూనా తీసి, ఒకే బలంతో నొక్కి, హార్డ్‌నెస్‌నూ ఎజెక్షన్ బలాన్నీ ఒకే కాగితం మీద గీయండి. ఆ రెండు గీతల మధ్య మీరు నిలవగల చోటు ఎంత వెడల్పుందో కనబడుతుంది. బ్యాచ్ రికార్డులో కలిపే వ్యవధిని నిమిషాలతో పాటు చుట్లలో కూడా రాయించండి. ఫీడర్ తెడ్లు టరెట్‌తో పాటే ఆగేలా ఇంటర్‌లాక్ ఉందో లేదో మీ ఇంజినీరింగ్ వారిని అడిగి, లేకపోతే పెట్టించండి.